అప్‌డేట్: మా అమ్మాయి విషయంలో ఫిర్యాదు ఇచ్చాం

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఒంటి గురించి తోటి విద్యార్థి రోజూ వ్యాఖ్యలు చేస్తున్నాడు, వద్దన్నా భుజం మీద చెయ్యి వేస్తున్నాడు, ఇది అల్లరా వేధింపా అని పోయిన నెల ఇక్కడ మిమ్మల్ని అడిగాను. వేధింపే. సరదాకే అన్నానని అతడు చెప్పినంత మాత్రాన అది అల్లరి అయిపోదు.

మీరు చెప్పినట్టే తేదీ, చోటు, అతడన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఎవరు చూశారో అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. ‘మెట్ల దగ్గర, రెండో పీరియడ్ తర్వాత’ అని దాని గుండ్రటి చేతిరాతలో చూస్తే నాకు గొంతు పట్టేసింది. అతడు పంపిన సందేశాలను అమ్మాయి చెరిపేయబోతుంటే ఆపి, స్క్రీన్‌షాట్లు తీయించాను.

క్లాస్ టీచర్ “మగపిల్లలన్నాక మామూలే” అన్నారు. (ఆ మాట విని తిరిగి వచ్చేసేవాళ్లమే, కొంచెంలో తప్పింది.) ప్రధానోపాధ్యాయురాలికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాం. అమ్మాయిని వేరే సెక్షన్‌కు పంపుతామన్నారు. మారాల్సింది తను కాదని పట్టుబడితే అతడిని మార్చారు.

విచారణ ఇంకా నడుస్తోంది. అతడి స్నేహితులు ఇద్దరు ఇప్పుడు అమ్మాయిని చూసి దెప్పుతున్నారు. ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం కూడా ఫిర్యాదు చేయదగ్గదే. అదీ నోటుపుస్తకంలోకి ఎక్కుతోంది.