బాలనటి అనుమతులు, పారితోషికం గురించి సలహా కావాలి

మేము బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా అన్నయ్యగారి పదకొండేళ్ల అమ్మాయి ఇక్కడి తెలుగు నాటకాల్లోనూ, రేడియో నాటికల్లోనూ నటిస్తోంది. ఆ పిల్లకు విశాఖపట్నంలో చిత్రీకరించే ఒక సినిమాలో పాత్ర వచ్చింది. దానికి నటనంటే ప్రాణం కనుక వద్దనడం మాకు ఇష్టం లేదు.

అయితే 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పనిచేయించరాదనీ, చిత్రీకరణ జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతిని నిర్మాతే తీసుకోవాలనీ, పారితోషికంలో కనీసం 20 శాతం పిల్ల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలనీ చదివాను. నిర్మాణ సంస్థవారు మాత్రం మొత్తం సొమ్మును తండ్రి ఖాతాలోనే వేస్తామంటున్నారు.

ఒడిశాలోని బ్యాంకు శాఖలో ఇలా డిపాజిట్ చేయించుకున్నవారు ఏయే పత్రాలు ఇచ్చారో, అనుమతి పత్రం నకలును చిత్రీకరణకు ముందే ఎలా అడిగి తీసుకున్నారో దయచేసి తెలపగలరా? ఒడియా మాధ్యమంలో చదివే పిల్లకు చిత్రీకరణ రోజుల్లో పాఠాలు చెప్పించే ఏర్పాటు ఎవరు చూశారో కూడా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.