రాబోయే ఆసియా యాక్షన్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూడాలా, అసలు గొంతుతోనా?

కృష్ణలంక_కుర్రాడు:
బెజవాడ, గుంటూరు వాళ్లందరినీ ఒకటి అడగాలనుంది. రాబోయే ఆసియా సినిమాల్లో నేను రోజులు లెక్కబెట్టుకుంటూ ఎదురుచూసేవి కొన్ని ఉన్నాయి. తకాషి యమజాకి తీస్తున్న ‘గాడ్జిల్లా మైనస్ జీరో’ 2026 నవంబర్ 3న జపాన్‌లో విడుదల. 1954లో మొదటి గాడ్జిల్లా వచ్చింది కూడా నవంబర్ 3నే. దీనికి ముందొచ్చిన ‘మైనస్ వన్’కి 35 మంది కలిసి 610 గ్రాఫిక్స్ షాట్లు చేసి ఆస్కార్ పట్టుకెళ్లారు. ఇక జపాన్ యానిమేషన్ సినిమా ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మూడు భాగాల్లో మొదటిది 2025 సెప్టెంబర్‌లో మన దగ్గర ఆడింది, ఇంకా రెండు రావాలి. చైనా వాళ్ల ‘క్రియేషన్ ఆఫ్ ద గాడ్స్’ మూడో భాగం బాకీ ఉంది. కెంజి తనిగాకి తీసిన ‘ద ఫ్యూరియస్’ని 2025 టొరంటో ఫెస్టివల్‌లో వేశారు. ఇండోనేషియా ఫైట్ల హీరోలు జో తస్లిమ్, యయాన్ రుహియాన్ ఒకే సినిమాలో తలపడుతున్నారంటే ఫైట్లు ఇష్టపడేవాళ్లకి ఇంక వేరే చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ఇది. ఇన్ఫినిటీ కాజిల్ మొదట తెలుగులో చూశా. మూడు రోజుల తర్వాత జపనీస్‌లో మళ్లీ చూశా. తెలుగులో కథ హాయిగా అర్థమైంది. జపనీస్‌లో చూస్తుంటే ఒళ్లు జలదరించింది. అదే సీను, అదే బొమ్మ, అయినా మనిషి గొంతు వేరైతే సినిమాయే వేరు. అందుకే ఇక మీదట ఇలాంటివి అసలు భాషలోనే చూడాలని నా వాదన. మన ‘ఆర్ఆర్ఆర్’ని జపాన్ వాళ్లు 2022 అక్టోబర్ నుంచి తెలుగులోనే చూశారు, కింద సబ్‌టైటిల్స్ చదువుకుంటూ. ఏడాదికి పైగా ఆడింది, 200 కోట్ల యెన్లు దాటింది. జపనీస్ డబ్బింగ్ 2023 జులైలో గానీ రాలేదు. వాళ్లు మన భాష వినగా లేనిది, వాళ్ల భాష మనం వినలేమా?

నాజ్_సెంటర్:
తమ్ముడూ, దీపావళికి నితేశ్ తివారీ ‘రామాయణ’ మొదటి భాగం, 2027లో రాజమౌళి ‘వారణాసి’. ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనాలంటే జేబు అక్కడికే సరి. జపాన్ బల్లి కోసం ఎవడు పెడతాడు? మన ఇతిహాసం మనకుండగా ఈ చర్చే అనవసరం.

కృష్ణలంక_కుర్రాడు:
అన్నా, ఆ రెండూ నేను మొదటి రోజే చూస్తా. ఒకటి చూస్తే ఇంకోటి చూడకూడదని ఎక్కడుంది? ఇంకో మాట. ఆ ‘రామాయణ’ హిందీలో తీస్తున్నారు. మనం ఇక్కడ చూసేది దాని తెలుగు డబ్బింగే. కాబట్టి ఈ చర్చ దానికీ వర్తిస్తుంది.

బ్రాడీపేట_4వ_లైను:
కృష్ణలంక బాబూ, నీ ఆర్ఆర్ఆర్ లెక్కలోనే తప్పుంది. జపాన్ వాళ్లు చదివిన సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉన్నాయి? జపనీస్‌లో. వాళ్ల అక్షరాల్లో, వాళ్ల మాటల్లో. మరి మనకి ఇచ్చేది? ఇంగ్లీషు. అంటే వేరే భాష వింటూ, ఇంకో వేరే భాష చదువుకుంటూ, మనసులో తెలుగు చేసుకోవాలి. ఇది ఇంజనీరింగ్ చదివిన నువ్వు చేయగలవు. మా అమ్మ చేయలేదు.

మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ధరల పట్టీతో సహా చదువుతుంది. బ్రూస్ లీ అంటే ప్రాణం. పెళ్లి కాకముందు మా మేనమామలతో కలిసి గుంటూరులో చూసిన కరాటే సినిమాల గురించి ఇప్పటికీ చేతులు తిప్పి మరీ చెబుతుంది. ఆమెని నీ అసలు గొంతు షోకి తీసుకెళ్తే పది నిమిషాల్లో నా మోచెయ్యి పట్టుకుని ‘ఏమన్నాడు? ఏమన్నాడు?’ అని అడుగుతుంది. ఓసారి అలాగే జరిగింది. ఇంటర్వెల్‌లో ‘నువ్వు చూసి రా నాన్నా, నేను బయట కూర్చుంటా’ అంది. ఆ రోజు నుంచి డబ్బింగ్ లేని సినిమాకి నేను వెళ్లడం మానేశాను. ఎవరెన్ని చెప్పినా నా ఓటు డబ్బింగ్‌కే.

కృష్ణలంక_కుర్రాడు:
మీరు చెప్పింది నిజం. ఆ సంగతి నాకు తట్టలేదు.

మాటల_పని:
నేను ఓ డబ్బింగ్ రచయిత దగ్గర ఏడేళ్లు అసిస్టెంట్‌గా చేశాను. రెండు పక్షాల వాళ్లకీ లోపలి సంగతి కొంత తెలియాలి.

నేనున్నన్నాళ్లూ మా టేబుల్ మీదికి చైనీస్ స్క్రిప్టు గానీ కొరియన్ స్క్రిప్టు గానీ ఒక్కటీ రాలేదు. ఏ దేశం సినిమా అయినా మాకు వచ్చేది ఇంగ్లీషు షీటే, పక్కన ఏ మాట ఏ క్షణంలో పడాలో చెప్పే టైమ్‌కోడ్. బొమ్మ ఆపి ఆపి పెదాలు చూసేవాళ్లం. ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి కదా. తెర మీద పెదాలు కలిసినచోట మన మాటలోనూ అలాంటి అక్షరమే పడాలి. అక్కడ ‘చంపేస్తా’ అతుకుతుంది. ‘నరికేస్తా’ అని రాస్తే మూసిన నోట్లోంచి ‘క’ వినిపిస్తుంది, జనం వెంటనే పట్టేస్తారు. ఒక్క మాట కోసం అరగంట కూర్చున్న రోజులున్నాయి. డబ్బింగ్ అంటే తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అయితే యాక్షన్ సినిమా విషయంలో కృష్ణలంక కుర్రాడి వైపు న్యాయం ఉంది. సంగీతం, చప్పుళ్లు విడి ట్రాక్‌గా పంపిస్తారు. మాటల ట్రాక్ తీసేస్తారు. ఫైట్‌లో నటుడి ఆయాసం, మూలుగు, పళ్లు బిగబట్టి పీల్చిన గాలి, ఇవన్నీ చాలాసార్లు ఆ మాటలతో పాటే పోతాయి. అప్పుడు మన ఆర్టిస్టు ఏసీ గదిలో మైకు ముందు నిలబడి ఒక్కో దెబ్బకీ ఒక్కో ఊపిరి కొత్తగా తీస్తాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి వేణ్నీళ్లు తాగేవాళ్లని చూశాను. వాళ్ల కష్టానికి దణ్ణం పెడతాను. కానీ మెట్ల మీద నుంచి పడి, లేచి, నిజంగానే అలిసిపోయిన మనిషి ఊపిరి అది కాదు. తనిగాకి లాంటివాళ్ల సినిమాలో సగం నటన ఆ ఊపిరిలోనే ఉంటుంది.

పటమట_నుంచి:
ఇంగ్లీషు షీటు అన్న మాట చూడగానే ఆగలేకపోయాను. మూడేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. గొడవ డబ్బింగా సబ్‌టైటిలా అన్నది కాదండీ. మధ్యలో ఇంగ్లీషు ఎందుకుంది అన్నదే అసలు గొడవ.

జపనీస్‌లో, కొరియన్‌లో క్రియ మనలాగే వాక్యం చివర వస్తుంది. కాదు, లేదు అన్న అర్థం కూడా చివర్లోనే తేలుతుంది. ‘నిన్ను ఈ జన్మలో క్షమి...’ అని హీరో ఆగాడనుకోండి. ‘క్షమిస్తాను’ అంటాడా ‘క్షమించను’ అంటాడా అని హాలంతా ఊపిరి బిగబడుతుంది. జపనీస్‌లోనూ సరిగ్గా అంతే. ఇంగ్లీషులో ఆ ‘నెవర్’ వాక్యం మొదట్లోనే పడిపోతుంది, ఇంకా గుట్టేముంది? తెలుగులోకి నేరుగా తెస్తే ఆ బిగువు చెక్కుచెదరదు.

వరసల సంగతి చూడండి. జపనీస్‌లో అన్నకి ఒక మాట, తమ్ముడికి ఒక మాట. కొరియన్‌లో ఇంకో మెట్టు పైకెళ్లి, అన్నని తమ్ముడు పిలిచే మాట వేరు, చెల్లెలు పిలిచే మాట వేరు. ఇంగ్లీషులో అందరూ బ్రదరే. డీమన్ స్లేయర్ కథంతా ఒక అన్న తన చెల్లెలి కోసం పడే తపన. ‘అన్నయ్యా’ అన్న పిలుపు మన నోట్లో పుట్టినంత సహజంగా ఇంకెక్కడ పుడుతుంది?

ఇన్ఫినిటీ కాజిల్ చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. చివర్లో రాక్షసుడు అకాజా దగ్గరికి, అతను మనిషిగా ఉన్నప్పుడు పెళ్లాడాలనుకున్న కోయుకి వచ్చి రెండు మాటలు అంటుంది, ‘ఒకాయెరి నసాయ్, అనత’. ఇల్లు చేరినవాళ్లని పలకరించే మాట మొదటిది. రెండోది భార్య భర్తని పిలిచే పిలుపు. ఇంగ్లీషులో దానికి ‘డియర్’ కంటే దగ్గరి మాట దొరకదు. మనకి ఉంది కదా. ‘వచ్చారా, ఏవండీ.’ ఇది రాస్తుంటే నాకు కళ్లు చెమరుస్తున్నాయి.

ఇంకొక్కటి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వాళ్లు ‘ఇత్తెకిమాసు’ అంటారు. విడదీసి చూస్తే ‘వెళ్లి వస్తాను’. మనం గడప దాటేటప్పుడు ‘వెళ్తున్నా’ అనం కదా, అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, ‘వెళ్లొస్తా’ అనమంటారు. వాళ్లదీ అదే మాట. యుద్ధానికి వెళ్లేవాడు గుమ్మంలో ఆ మాట అన్నాడంటే తిరిగొస్తానని మాటిచ్చినట్టు. ఇంగ్లీషులో అది ‘బయల్దేరుతున్నా’గా మారిపోతే ఆ మాట పోయింది, దానితో పాటు ఆ సీనూ పోయింది.

అరండల్‌పేట_మాస్టారు:
అమ్మాయి చాలా బాగా చెప్పింది. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, నా వంతు ఒక ముక్క. మా మనవడితో కూర్చుని ‘నేజా 2’ చూశాను. 2025లో ప్రపంచమంతా కలిపి 200 కోట్ల డాలర్లు దాటిన చైనా బొమ్మల సినిమా. ఆ నేజా ఎవరో తెలుసా? మన నలకూబరుడే. కుబేరుడి కొడుకు. బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా చేరి, ఆ పేరే అరిగి అరిగి నేజా అయిందని పండితులు తేల్చారు. కుబేరుడి మరో పేరు వైశ్రవణుడు. ఆయనే అక్కడ నేజా తండ్రి పాత్రలో కలిసిపోయాడు. మింగ్ రాజుల కాలపు నవలలో ఈ పిల్లవాడు తామరపూలలోంచి మళ్లీ పుడతాడు. కుర్రాడు చెప్పిన ‘క్రియేషన్ ఆఫ్ ద గాడ్స్’ సినిమాలకి మూలం ఆ నవలే. నేజా వాటిలోనూ ఉన్నాడు.

పోతన గారి దశమ స్కంధంలో చిన్ని కృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ వెళ్లి కూల్చిన మద్దిచెట్లు నలకూబర మణిగ్రీవులే కదా. సీతమ్మని రావణుడు బలవంతంగా ముట్టుకోలేకపోవడానికి కారణమైన శాపం కూడా నలకూబరుడిదేనని ఉత్తరకాండ చెబుతుంది. నాజ్ సెంటర్ బాబు మన ఇతిహాసం, పరాయి ఇతిహాసం అని గీత గీశాడు. ఆ గీత మీదే నిలబడి ఉన్నాడు నలకూబరుడు. ఇంగ్లీషు షీటు మీంచి తర్జుమా చేసినవాడికి ఈ చుట్టరికం ఎలా తెలుస్తుంది?

నాజ్_సెంటర్:
మాస్టారూ, ఇది నిజంగా తెలియదు. నేజా రెండు భాగాలూ చూస్తానండీ. కానీ తెలుగులో అతన్ని నలకూబరుడనే పిలవాలంటారా?

అరండల్‌పేట_మాస్టారు:
వద్దు నాయనా. వాళ్లు పెంచుకున్న పిల్లవాడు, వాళ్ల పేరుతోనే పిలుద్దాం. సినిమా మొదట్లో ఒక్క వాక్యం వేస్తే చాలు.

గాంధీనగర్_ఆఫీసు:
డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. తెలుగు వెర్షన్ లేదంటే సింగిల్ స్క్రీన్ వాళ్లు అసలు అడగరు. మల్టీప్లెక్స్‌లో మొదటి వారం ఒకటి రెండు షోలు వేసి, రెండో వారం రాత్రి పది తర్వాతికి నెట్టేస్తారు. అది వాళ్ల తప్పని కూడా అనలేను, సీట్లు నిండాలి కదా. కాబట్టి డబ్బింగ్ వద్దు అనే మాట ఎత్తొద్దు. డబ్బింగ్ ఉంటేనే ఆ సినిమా మన ఊరి దాకా వస్తుంది.

అయితే తెలుగు సబ్‌టైటిల్స్ వేయడం అసాధ్యం అనుకునేవాళ్లకి ఒక సంగతి. ఇప్పుడు హాలుకి వెళ్లేది రీలు కాదు, డీసీపీ, అంటే సినిమా మొత్తం ఉండే డిజిటల్ ఫైళ్ల మూట. అందులో సబ్‌టైటిల్ విడి ఫైలుగా ఉండొచ్చు. బొమ్మ ముట్టుకోకుండా ఆ ఫైలు ఒక్కటే మార్చి పంపొచ్చు. మన ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయన్న భయం ఉంటే ఒక్కో లైనునీ బొమ్మగా చేసి ఎక్కించే వీలు కూడా ఉంది. డబ్బింగ్‌కయ్యే ఖర్చులో ఇది చిన్న ముక్క. అడిగేవాళ్లు లేకే ఇది జరగట్లేదు.

మాటల_పని:
రాసేవాళ్లున్నారు. పటమట అమ్మాయి లాంటివాళ్లు ఒక్కరు టేబుల్ దగ్గర ఉంటే మా డబ్బింగ్ కూడా మారిపోయేది. పెదాలు కలిపే పని మేం చూసుకుంటాం, మూలం ఏమందో చెప్పే మనిషి కావాలి.

కృష్ణలంక_కుర్రాడు:
నా మొదటి పోస్టులో మాట మార్చుకుంటున్నాను. అసలు గొంతు ఉండాలి, కింద తెలుగు అక్షరాలుండాలి. పక్క స్క్రీన్‌లో డబ్బింగూ ఉండాలి, అదీ మూలం నుంచే రావాలి. మైనస్ జీరో మన దగ్గరికి వచ్చేలోగా పంపిణీదారులకి అందరం కలిసి ఒక ఉత్తరం రాద్దాం. గాంధీనగర్ అన్నా, ఎవరికి రాయాలో మీరు చెప్పాలి.

గాంధీనగర్_ఆఫీసు:
చెబుతాను. సంతకాలు పోగెయ్యండి.

బ్రాడీపేట_4వ_లైను:
సంతకం పెట్టేముందు నాకు ఒకటి తేలాలనిపించింది. పటమట నుంచి రాసిన అమ్మాయిని అడిగాను. ఓ పాత జపనీస్ సినిమాలో నాలుగు నిమిషాల సీను తీసుకుని తెలుగు లైన్లు రాసిచ్చింది. కొడుకు కత్తి కట్టుకుని ఇల్లు విడిచి వెళ్లే ఘట్టం. మొదటిసారి పెడితే అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయంది అమ్మ. సైజు పెంచి, ఒక్కో లైనునీ కాస్త ఎక్కువసేపు నిలబెట్టాను. రాత్రి అన్నాలయ్యాక టీవీలో మళ్లీ పెట్టాను.

అమ్మ కళ్లజోడు సర్దుకుని కూర్చుంది. ఈసారి నా మోచెయ్యి పట్టుకోలేదు. చదువుతున్నట్టు పెదాలు కదులుతూనే ఉన్నాయి. కుర్రాడు గడప దగ్గర ఆగి, వంగి ఆ మాట అన్నాడు. కింద ‘వెళ్లొస్తానమ్మా’ అని పడింది. తెర మీద తల్లి నోరు తెరిచేలోపే మా అమ్మ అనేసింది, ‘క్షేమంగా వెళ్లి రా నాయనా’ అని.

నా సంతకం రాసుకోండి. అమ్మది కూడా.