ఎన్‌హెచ్ 140 పక్కన కార్ల చార్జింగ్: 60 కిలోవాట్ల మిషన్ ఒకటా, 30వి రెండా?

హైవే_హోటల్:
పూతలపట్టు–తిరుపతి రోడ్డు పక్కన మాకు హోటలుంది, ముందర 30 సెంట్ల ఖాళీ స్థలం. బెంగళూరు నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుమల కొండకొచ్చే ఎలక్ట్రిక్ కార్లు బాగా పెరిగాయి. సీసీఎస్2 (కార్ల ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్గు రకం) చార్జర్ పెట్టాలనుకుంటున్నాం. 60 కిలోవాట్లది ఒకటి మేలా, 30వి రెండా? లైసెన్సు కావాలా? ట్రాన్స్‌ఫార్మర్ సంగతేంటి? నేలంతా రాయి, ఐదడుగులకే బండ తగుల్తుంది.

లైన్_మనిషి:
లైసెన్సు అక్కర్లేదు. చార్జింగ్ అనేది సేవే, కరెంటు అమ్మకం కాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే తేల్చింది. మన కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్‌లో ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) చార్జింగ్ కేటగిరీ కింద వేరే మీటరు తీసుకోండి, హోటల్ కమర్షియల్ మీటరుతో కలపొద్దు. హైవే మీద నుంచి నేరుగా దారి తీసేటట్టయితే దానికి హైవే వాళ్ల అనుమతి వేరే ఉంటుంది.

60 కిలోవాట్లంటే, అది ఒక మిషనైనా రెండైనా, 415 వోల్టుల దగ్గర ఫేజుకు దాదాపు 90 ఆంపియర్లు. 125 ఆంప్స్ ఎంసీసీబీ (లోడు మించితే కరెంటు ఆపే బ్రేకరు), 70 చదరపు మి.మీ. అల్యూమినియం ఆర్మర్డ్ (ఇనుప తొడుగున్న) కేబులు పెట్టండి, వంద మీటర్లకు 9 వోల్టులు పడిపోతుంది, పర్వాలేదు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వద్దు, ఆ లోడుకే అది నిండిపోతుంది. 100 కేవీఏ అడగండి. బోరు మోటార్లున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద మాత్రం అస్సలు ఒప్పుకోకండి. మోటార్లన్నీ ఆడే వేళ వోల్టేజి 370కి దిగితే కొన్ని మిషన్లు ట్రిప్పవుతాయి. డబ్బు కట్టకముందే ఒక వారం వోల్టేజి రికార్డు చేయించండి.

మీకు అసలు పని ఎర్తింగ్. బండలో రాడ్డు దిగదు. డ్రిల్లుతో మూడు మీటర్లు తొలిపించి, రాడ్డు దించి, చుట్టూ బెంటొనైట్ (తడి పట్టి ఉంచే బంకమట్టి) నింపాలి. గుంటకూ గుంటకూ కనీసం మూడు మీటర్లు ఎడం, అన్నిటినీ పట్టీతో కలపాలి. మిషన్ మాన్యువల్ అడిగిన విలువ (ఎక్కువగా 1 ఓం లోపు) వచ్చేదాకా గుంటలు పెంచుతూ పోవడమే. కొలత ఏప్రిల్, మే నెలల్లో తీయించండి. వాన పడ్డాక తీసిన రీడింగు మోసం చేస్తుంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే కొన్ని మిషన్లు ఫాల్ట్ చూపించి ఆగిపోతాయి, నింద మాత్రం మిషన్ మీద పడుతుంది.

గన్_పాయింట్:
30వి రెండు తీసుకోండి. 60 డ్యుయల్ గన్ను (కారుకు తగిలించే ప్లగ్గులు రెండున్న) మిషన్‌లోనూ రెండు కార్లొస్తే చెరి 30 పంచుకోవడమే. దాని కంట్రోల్ బోర్డు పోతే రెండు గన్నులూ పోతాయి, విడిగా రెండుంటే ఒకటైనా నడుస్తుంది. 40 యూనిట్ల బ్యాటరీని 10 నుంచి 80 శాతానికి తేవాలంటే 28 యూనిట్లు, 30 మీద గంట లోపే. హోటలుకు అది సరిపోయే టైమే.

హైవే దుమ్ముకు ఫిల్టర్లు త్వరగా మూసుకుంటాయి. మిషన్ ఆగదు, లోపల వేడెక్కి పవరు తగ్గించుకుంటుంది, డ్రైవరుకేమో కారణం తెలీదు. రెండు వారాలకోసారి విప్పి దులపండి. పైన రేకు తప్పనిసరి. గన్నులో తడి చేరితే ఇన్సులేషన్ ఫాల్టొచ్చి చార్జింగే మొదలవదు. మిషన్‌కు నెట్ కోసం సిమ్ములు రెండు కంపెనీలవి వేయండి.

ఘాట్_డ్రైవ్:
హోటలు రోడ్డుకు ఏ పక్కనన్నా? అది ముఖ్యం. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ దిగుడు, చార్జి మిగుల్తుంది. తిరుగు ప్రయాణంలో అదే ఎక్కాలి, కాబట్టి అవసరం చిత్తూరు వైపు వెళ్లేవాళ్లకే ఎక్కువ. హైవేకి రెండు పక్కలా 25 కిలోమీటర్లకొక చార్జింగ్ స్టేషన్ ఉండాలని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పినా, ఎదుటి పక్కనున్నది యూటర్న్ దొరక్కపోతే లేనట్టే.

ఇంకోటి, అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,700 కిలోల కారు ఆ ఎత్తెక్కడానికే మూడు యూనిట్లకు పైగా అదనంగా తాగుతుంది. దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది గానీ, కొండపైన 100 శాతం నింపి దిగితే బ్యాటరీలో చోటుండదు, భారమంతా బ్రేకుల మీదే. ఈ రెండు మాటలూ చార్జర్ దగ్గర బోర్డు రాయించండి.

హైవే_హోటల్:
చిత్తూరు వైపు వెళ్లే పక్కేనన్నా. ముందు వోల్టేజి రికార్డు, ఎర్త్ కొలత చేయిస్తాం, మిషన్ ఆర్డరు ఆ తర్వాతే.