అప్‌డేట్: చార్జ్ సిండ్రోమ్ ఉన్న మా పాపకి మాట ఎలా నేర్పాలి అని అడిగాను కదా

ఆర్నెల్ల కింద అడిగాను, మా పాపకి నాలుగేళ్లు, సీహెచ్‌డీ7 అనే జీన్‌లో మార్పు వల్ల పుట్టుకతోనే చార్జ్ సిండ్రోమ్, చూపు వినికిడి రెండూ బాగా తక్కువ, ఏం చెయ్యాలి అని. మాటల సంగతి తర్వాత, ముందు వస్తువులతో మొదలుపెట్టండి, ఏం జరగబోతోందో ఒక వస్తువు చేతికిచ్చి తెలియజెయ్యండి అన్నారు మీలో చాలామంది, అదే చేశాం. స్నానానికి ముందు ప్రతిసారీ అదే చిన్న మగ్గు చేతికిస్తాం, అన్నానికి అదే స్పూను, బయటికెళ్లేటప్పుడు నా చున్నీ కొస. మూడు నెలలు ఏ మార్పూ లేదు, ఇచ్చినవన్నీ విసిరేసేది, మా అత్తయ్య అయితే దాన్నెందుకమ్మా అలా సతాయిస్తావ్ అనేవారు, నాకూ ఏడుపొచ్చేది.

ఇంకోటి, తన చెయ్యి పట్టి లాగడం పూర్తిగా మానేశాం, మా చెయ్యే తన చేతి కింద పెడతాం, ఇష్టముంటే పట్టుకుంటుంది లేకపోతే తీసేస్తుంది. వస్తువు చూపించాక తను స్పందించేదాకా ఆగడం మాత్రం చాలా కష్టం, లోపల ఇరవై దాకా లెక్కపెట్టుకుంటా. ఈ సిండ్రోమ్‌లో లోపలి చెవి సరిగా ఏర్పడక బ్యాలెన్స్ కూడా పోతుంది కదా, కూర్చోబెడితే బలమంతా పడిపోకుండా ఉండటానికే సరిపోతోంది, పడుకోబెట్టి ఆడిస్తే చేతులు ఎంత బాగా వాడుతుందో, ఇది మాకెవరూ ముందు చెప్పలేదు.

మొన్న మంగళవారం తనే పాక్కుంటూ వెళ్లి మగ్గు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అప్పటికే స్నానం అయిపోయింది, అయినా మళ్లీ నీళ్లు పోశాను.