సముద్రానికి గోడ లేదు కదా, మరి పక్క దేశం వాళ్లు పట్టుకుపోతే?

భీమిలి టీచరమ్మ:
నేను భీమిలి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్తాను, క్లాసులో సగం మంది వేటకెళ్లే ఇళ్ల పిల్లలే. మొన్న పగడపు దిబ్బల పాఠంలో, పసిఫిక్‌లో చిన్న చిన్న ద్వీప దేశాలు కలిసి సముద్రాన్ని కాపాడుకుంటున్నాయి అన్నాను. వెనక బెంచీ పాప లేచి "మేడం, సముద్రానికి గోడ లేదు కదా, మనం వల ఆపేస్తే పక్కోళ్లొచ్చి పట్టుకుపోరా?" అంది. రేపు చెప్తానని తప్పించుకున్నా కానీ మనసొప్పట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఈ ఒప్పందాలు నిజంగా పని చేస్తున్నాయా, ఒట్టి మీటింగులేనా?

ఓడ మీద పదేళ్లు:
మేడం గారూ, ఆ పాప అడిగిందే అసలు ప్రశ్న. 1982లో నౌరు ఒప్పందం అని ఒకటి రాసుకున్నారు, ఇప్పుడు అందులో పలావు, కిరిబాటి, టువాలు, మార్షల్ దీవులు, పాపువా న్యూగినీ ఇలా 8 దేశాలున్నాయి. అంతకుముందు పెద్ద దేశాల ట్యూనా చేపలు పట్టే ఓడలు ఒక్కో దీవితో విడివిడిగా బేరమాడి, నువ్వు కాకపోతే పక్కదీవి ఇస్తుంది అని చవగ్గా పట్టుకుపోయేవి. తర్వాత వీళ్లంతా కలిసి రోజు లెక్కన లైసెన్స్ పెట్టారు, ఏడాదికి మొత్తం ఇన్ని రోజులే అని ముందే కట్టేసి, ఒక ఓడ ఒక రోజు వేటకి కనీసం 8,000 డాలర్లు అన్నారు. 2010లో 6 కోట్ల డాలర్ల దగ్గరున్న ఆదాయం పదేళ్లలోపే సుమారు 50 కోట్లకి వెళ్లింది. ఇంక గోడ సంగతి. ఈ దేశాల నీళ్ల మధ్యలో ఎవరివీ కాని సముద్రం ముక్కలు కొన్ని ఉంటాయి, ఓడలు అక్కడ కాపు కాసి పట్టేవి. దానికి 2010 నుంచి ఒక షరతు పెట్టారు, మా నీళ్లలో లైసెన్స్ కావాలంటే ఆ ముక్కల్లో రెండింటిలో వల వెయ్యకూడదు అని. నా దృష్టిలో అదే వాళ్లు కట్టుకున్న గోడ.

ఏయూ మెరైన్ స్టూడెంట్:
పైన చెప్పింది ట్యూనా గురించి, పగడాలకి కూడా సరిహద్దు లేదు మేడం. చాలా రకాల పగడాలు పౌర్ణమి దాటిన రాత్రుల్లో ఒకేసారి గుడ్లు వదులుతాయి, పిల్లలు రోజుల తరబడి, ఒక్కోసారి వారాలపాటు కరెంట్లలో కొట్టుకుపోయి ఎక్కడో అతుక్కుంటాయి, అంటే ఒక దేశం దిబ్బ పాడైతే ఇంకో దేశం దిబ్బకి విత్తనం తగ్గుతుంది. అందుకే 2009లో ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, తిమోర్ లెస్తె కలిసి కోరల్ ట్రయాంగిల్ ఒప్పందం చేసుకున్నాయి. ప్రపంచంలో తెలిసిన పగడపు జాతుల్లో ముప్పావు వంతు అక్కడే ఉన్నాయి. కానీ ఒకటి ఒప్పుకోవాలి, నీళ్లు వేడెక్కితే ఏ ఒప్పందమూ ఆపలేదు. మామూలు ఎండాకాలం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు ఉంటే చాలు, పగడంలో ఉండి దానికి తిండి పెట్టే నాచు వెళ్లిపోయి తెల్లబడిపోతుంది. పగడం పైన పేరుకుని దాన్ని కప్పేసే వేరే నాచుని తినే చేపల్ని కాపాడితే మాత్రం తర్వాత కోలుకునే అవకాశం పెరుగుతుంది, ఆ దేశాల చేతిలో ఉన్నది అదే.

జాలరిపేట అబ్బాయి:
మా నాన్న, తాత అందరూ వేటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లన్నీ హార్బర్లో కట్టేసుంటాయి, ఆ రోజులు ఇంట్లో ఎలా గడుస్తాయో మాకు తెలుసు, ఇప్పుడు ప్రభుత్వం 20,000 రూపాయలు ఇస్తోంది గానీ అది అందరికీ టైముకి రావాలి కదా. పలావులో ఐతే ఎప్పట్నుంచో 'బుల్' అని ఉందట, ఊరి పెద్దలు ఫలానా దిబ్బ దగ్గర కొన్నాళ్లు వేట వద్దంటే ఆగిపోతారు, ఎందుకంటే చెప్పినోళ్లు వాళ్లోళ్లే. 2006లో పలావు, మైక్రోనేషియా, మార్షల్ దీవులు, గువామ్, ఉత్తర మరియానా కలిసి తీరం దగ్గరి సముద్రంలో 30 శాతం కాపాడతాం అని మాటిచ్చుకున్నారంటే దానెనక ఆ అలవాటు ఉంది అనుకుంటా. ఇక్కడ 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసే పెద్ద వలలు) గొడవలో పక్కపక్క పేటల మధ్యే బోట్లు తగలబడ్డాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తది.

భీమిలి టీచరమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. రేపు బోర్డు మీద ఆ 8 దేశాల మ్యాప్ గీసి, మధ్యలో ఖాళీ ముక్కలు చూపించి, ఓడల్ని ఇక్కడ ఎలా ఆపుతావో నువ్వే చెప్పు అని ముందు ఆ పాపనే అడుగుతాను. జాలరిపేట బాబూ, మీ నాన్నగారు ఒక రోజు మా స్కూల్‌కి వచ్చి పిల్లలతో మాట్లాడతారేమో కనుక్కోగలవా?