కొలంబస్‌కి నోవహు ఓడ వేషం వేస్తే తప్పా?

బొబ్బిలి వీణ: సరదాకి అడుగుతున్నాను. పైడితల్లి పండక్కి విజయనగరంలో జెయింట్ వీల్, పడవలా ఊగే కొలంబస్ రైడ్ అవీ వస్తాయి కదా. క్రిస్మస్‌కి ఆ కొలంబస్‌నే, బైబిల్లో లోకమంతా ముంచిన జలప్రళయంలో లోపలున్నోళ్లని బతికించిన నోవహు ఓడ చేస్తే? చీకటి, ఉరుములు, పైనుంచి తుంపర, చివర్లో పావురం. అమెరికాలో కెంటకీలో 2016లోనే 510 అడుగుల ఓడ కట్టి టికెట్టు పెట్టారు.

కళింగపట్నం దీపం: 510 తప్పు. ఆదికాండం 6లో ఉన్నది 300 మూరలు. మూరకి అడుగున్నర, మొత్తం 450.

బొబ్బిలి వీణ: వాళ్లు పెద్ద మూర తీసుకున్నారు బ్రదర్, 20.4 అంగుళాలు.

కళింగపట్నం దీపం: పెద్ద మూర అని ఆ వచనంలో ఉందా? చూపించండి.

రాజాం కుర్రోడు: పూలమ్మే మామ్మ దగ్గర మూర ఎప్పుడూ అడుగే సార్ 😂

నాగావళి ఒడ్డు: బైబిల్లో యోనాని మింగిన చేప కడుపు పెట్టండి. మూడు రోజులు అక్కర్లేదు, మూడు నిమిషాలు చాలు.

పలాస జీడితోట: మీకు వాన సరదాగా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా కొబ్బరి, జీడి చెట్లు తెల్లారేసరికి నేల మీదున్నాయి. మాకు టికెట్టు లేకుండానే అయిపోయింది ఆ రైడ్.

బొబ్బిలి వీణ: అది తుపాను, ఇది కథ. రెండూ కలపకండి.

విజీనారం వాసి: నేను హిందువుని, నాకెందుకు గానీ, పైడితల్లి పండగలో పూజారి కూర్చునే సిరిమాను కూడా గాల్లో ఊగేదే. దాన్ని ఎవడైనా రైడ్ అంటే మా ఊళ్లో ఊరుకుంటారా?

కళింగపట్నం దీపం: మూర సంగతి ఇంకా తేలలేదు.

బొబ్బిలి వీణ: మూర, మూర! రెండేళ్ల కిందట చర్చి పిల్లల కోసం పదకొండు రాత్రులు కూర్చుని అట్టలతో ఓడ కట్టాను. పెద్దలు కొలతలు తప్పని షెడ్డులో పడేశారు, ఎలుకలు కొట్టేశాయి. మీలాంటి వాళ్లే వాళ్లు. పిల్లలు నవ్వితే మీకేటి నష్టం?

కళింగపట్నం దీపం: సరే, మూర వదిలేయండి. ఓడకి తలుపు ఒక్కటే. దాన్ని మూసింది నోవహు కాదు, దేవుడు. మీ రైడ్‌లో టికెట్టు కొన్న ప్రతివాడూ లోపలే ఉంటాడు, అందరూ బతికేస్తారు. నేను బాప్తిస్మం తీసుకున్నాను, మా అమ్మ తీసుకోలేదు. అలాగే పోయింది. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు తలుపు బయటే కనిపిస్తుంది. మీ పావురానికి నేను చప్పట్లు కొట్టలేను.

పలాస జీడితోట: నేను పొద్దున్నుంచీ అంటున్నదీ అదే. బయటున్నోళ్ల సంగతి.

బొబ్బిలి వీణ: అమ్మగారి సంగతి నాకు తెలీదు బ్రదర్. కానీ నాకు ఆ కథలో ఎప్పుడూ లోపలున్న ఏనుగులే కనబడ్డాయి. చిన్నప్పుడు మా సండే స్కూల్ టీచర్ అవే చెప్పింది. తలుపు పడేచోట లైట్లన్నీ ఆపేసి, ఒక నిమిషం ఓడని ఊపకుండా ఉంచితే?

కళింగపట్నం దీపం: ఒక నిమిషం చాలదు.

రాజాం కుర్రోడు: ఇంతకీ టికెట్ ఎంతండీ?