మైకు రికార్డింగ్ సౌండు బాగా తక్కువ: బూస్ట్ చాలా, ఇంటర్‌ఫేస్ కొనాలా?

కథలబామ్మ: అమెరికాలో ఉన్న మనవలకి పంపుదామని కథలు రికార్డు చేస్తున్నా. భజనల్లో వాడే డైనమిక్ మైకు, దాని పెద్ద పిన్నుకి కన్వర్టర్ తగిలించి సీపీయూ ముందు జాక్‌లో పెట్టా. ఆడాసిటీలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) గీత లేవట్లేదు, అరిస్తే కాస్త కదుల్తోంది.

గోదారిగట్టు: విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్, రికార్డింగ్ ట్యాబ్, మైక్రోఫోన్ ప్రాపర్టీస్, లెవెల్స్. పై స్లైడర్ 100, కింద మైక్రోఫోన్ బూస్ట్ +20 డీబీ (డెసిబెల్, సౌండు పెంపు కొలత), చాలకపోతే +30. రూపాయి ఖర్చు లేదు.

వైరుమనిషి: బూస్ట్ గొంతు ఒక్కదాన్నే పెంచదండీ, వెనకున్న హిస్‌ని, అదే బుస్సుమనే గోలని కూడా అంతే పెంచుతుంది. డైనమిక్ మైకు ఇచ్చేదే మిల్లీవోల్టుల్లో, మామూలు మాటకి 50-60 డీబీ గెయిన్ (సిగ్నల్ పెంపు) కావాలి, మదర్‌బోర్డు జాక్ వల్ల కాదు. ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోండి, అదే మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా.

గోదారిగట్టు: ఎవరేం అడిగినా కొనండి, కొనండి. ఆవిడ అడిగింది లెవెల్ గురించి, స్టూడియో గురించి కాదు. నాకూ ఒక షాపాయన ఇలాగే చెప్పి యూఎస్‌బీ సౌండ్‌కార్డు అంటగట్టాడు, మునుపటికంటే గోల ఎక్కువైంది, వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు.

చిన్నమాట: మైకుకి ఎంత దూరంలో కూర్చున్నారు? దూరం సగం చేస్తే 6 డీబీ దాకా ఊరికే వస్తుంది.

వైరుమనిషి: సౌండ్‌కార్డు వేరు, ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే భాగం) ఉన్న ఇంటర్‌ఫేస్ వేరు, రెండూ కలిపేయకండి.

గోదారిగట్టు: పేరేదైతేనేం, డబ్బులు పోయేది మా జేబులోంచేగా. ముందు +30 పెట్టి విననివ్వండి.

వైరుమనిషి: వినేది నేనండీ! ఎడిటింగ్ మీదే బతుకుతున్నా. +30 పెట్టేసి పంపిన ఫైళ్లకి రాత్రంతా కూర్చుని నాయిస్ రిడక్షన్ కొడితే గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది, తిట్లేమో నాకు, పైగా డబ్బుల్లో కోత.

గోదారిగట్టు: అదీ అసలు సంగతి. ఆవిడ ఫైలు మీకు పంపట్లేదు కదా, మనవలకి పంపుతోంది. మీ క్లయింట్లకి పెట్టే కొలత ఇంట్లో కథ చెప్పుకునేవాళ్లకీ పెడితే సగంమంది రికార్డింగే మానేస్తారు.

వైరుమనిషి: మనవలైతే మాత్రం శుభ్రంగా వినకూడదా? ఆ గొంతు వాళ్ల దగ్గర ఎన్నేళ్లు ఉండాలో ఆలోచించారా?

కథలబామ్మ: బాబూ, గొడవ పడకండి. మైకు బెత్తెడు దూరానికి లాక్కుని +20 పెట్టా, గీత సగం దాకా లేస్తోంది. కానీ నేను ఆగినప్పుడల్లా బుర్రుమని వినిపిస్తోంది. వెనకున్న గులాబీ జాక్‌లో పెడితే తగ్గుతుందా?

వైరుమనిషి: తగ్గొచ్చమ్మా, ముందు జాక్ వైరు కేసు లోపల మిగతా వైర్ల మధ్యనుంచి వస్తుంది. మార్చాక ఏం మాట్లాడకుండా పది సెకన్లు రికార్డు చేసి పెట్టండి, ఎంత గోల ఉందో విని చెప్తా.